టర్కీ కోడి సరే, జీతం సంగతేమిటి?

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఇళ్ల ముందు నక్షత్రాలు వెలుగుతాయి, బేకరీల దగ్గర జనం బారులు తీరతారు, టీవీలో ఎక్కడో ఒకచోట ఆ ముసలి పిసినారి మళ్లీ ప్రత్యక్షమవుతాడు. పేరు ఎబనేజర్ స్క్రూజ్. 1843 డిసెంబరు 19న లండన్‌లో వెలువడిన ఛార్లెస్ డికెన్స్ పుస్తకం 'ఎ క్రిస్మస్ కరోల్' కి కథానాయకుడు.

మీలో చాలామందికి తెలిసిన కథే. తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. స్క్రూజ్‌కి డబ్బు తప్ప మరో లోకం లేదు. క్రిస్మస్ ముందు రాత్రి, ఏడేళ్ల క్రితం చనిపోయిన వ్యాపార భాగస్వామి మార్లే గొలుసులు ఈడ్చుకుంటూ దయ్యమై వస్తాడు. 'నీకూ ఇదే గతి పడుతుంది, జాగ్రత్త' అని హెచ్చరించి పోతాడు. ఆ తర్వాత మూడు ఆత్మలు వచ్చి అతనికి గడిచిన కాలాన్నీ, నడుస్తున్న కాలాన్నీ, రాబోయే కాలాన్నీ చూపిస్తాయి. తను పోతే ఏడ్చేవాళ్లు కూడా ఉండరని తెలిశాక ముసలాయన మనసు కరుగుతుంది. తెల్లారేసరికి కొత్తమనిషి అవుతాడు. తన గుమాస్తా బాబ్ క్రాచిట్ ఇంటికి ఇంత పెద్ద టర్కీ కోడిని పంపిస్తాడు. మర్నాడు జీతం పెంచుతానంటాడు.

సినిమా వాళ్లు ఈ కథను ఇక వదల్లేదు. 1901లోనే బ్రిటన్‌లో దీన్ని మూకీగా తీశారు. నిడివి కొద్ది నిమిషాలే. ఆ తర్వాత ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం కష్టం. ఏ స్క్రూజ్ గొప్ప, ఏ దయ్యం భయంకరం అని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. వాదించుకోనివ్వండి. నా కొలత మాత్రం వేరు. ఆ సినిమాలో ఆడవాళ్లు ఏమయ్యారు? ముసలాయన మనసు మారితే ఆ మార్పు వంటింటిదాకా వచ్చిందా, వాకిట్లోనే ఆగిపోయిందా? ఈ కొలతతో చూస్తే గొప్పవనుకున్న సినిమాలు కొన్ని చిన్నబోతాయి. ఒకటి మాత్రం నిలబడుతుంది.

పుస్తకంలో వంటిల్లు

ముందు అసలు పుస్తకం సంగతి చూద్దాం. గుమాస్తా బాబ్ జీతం వారానికి 15 షిల్లింగులు. ఆ రోజుల్లో పౌనుకు 20 షిల్లింగులు. అంటే వారానికి ఒక్క పౌను కూడా రాదన్నమాట. ఆరుగురు పిల్లలు. పెద్దమ్మాయి మార్తా టోపీలు కుట్టేచోట పని నేర్చుకుంటోంది. చిన్నవాడు టిమ్ చంకకర్ర లేనిదే నడవలేడు. ఇంటావిడ కట్టుకున్న పండగ గౌను కొత్తది కాదు. లోపలివైపు పైకి వచ్చేలా రెండుసార్లు తిప్పి కుట్టుకున్న పాత గౌను. దానికి చవక రిబ్బన్లు కట్టి మురిసిపోతుంది. మన అమ్మలు చీర చెరుగు చిరిగితే ఆ భాగం లోపలికి పోయేలా కట్టుకునేవారు చూడండి, అలాంటిదే.

వాళ్లింట్లో బాతును వేయించేంత పెద్ద పొయ్యి లేదు. వీధిలోని బేకరీ పొయ్యిలో వేయించి పిల్లల చేత తెప్పించుకుంటారు. పుడ్డింగును బట్టలు ఉడకబెట్టే కాగులో ఉడికిస్తారు. అందుకే మూత తీయగానే ముందు చాకిరేవు వాసన వస్తుంది. అది విరిగిపోతుందేమో, పిండి పాళ్లు తప్పాయేమో అని ఆవిడ గుండెలు పీచుపీచుమంటాయి. అందరూ బాగుందన్నాక గానీ ఆ పిండి భయం బయటపెట్టదు. అంతమందికి ఆ పుడ్డింగు చాలదని ఇంట్లో ఒక్కరూ పైకి అనరు. ఈ ఒక్క ఘట్టం చాలు, డికెన్స్ వంటింటి గుమ్మంలో నిలబడి చూసిన మనిషని చెప్పడానికి.

తర్వాత బాబ్ గ్లాసు ఎత్తి తన యజమాని స్క్రూజ్ ఆరోగ్యం కోసం తాగుదామంటాడు. అప్పుడావిడకి ఒళ్లు మండుతుంది. ఆ పిసినారి ఎదురుగా ఉంటే నాలుగు కడిగేసేదాన్నంటుంది. పండగపూట పిల్లల ముందు వద్దని భర్త నచ్చచెబితే, నీ కోసం తాగుతున్నానే గానీ ఆయన కోసం కాదని తేల్చి చెప్పి తాగుతుంది. కథ మొత్తంలో స్క్రూజ్ అన్యాయాన్ని ఆ ఇంట్లో పేరుపెట్టి అన్నది ఆవిడొక్కతే.

ఇక టర్కీ కోడి. అది టిమ్‌కి రెండింతలు ఉంటుంది. మోసుకెళ్లలేక బండిలో వేసి పంపాల్సివస్తుంది. చదివే మగవాళ్లకి అక్కడ కళ్లు చెమరుస్తాయేమో గానీ, నాకు మొదట వచ్చే సందేహం ఒకటే. పండగ పొద్దున పచ్చి కోడి గుమ్మంలో దిగితే, పొయ్యి లేని ఇల్లాలు దాన్ని ఎప్పుడు వండాలి, దేన్లో వండాలి? దానం చేసినాయన ఆ ముక్క ఆలోచించలేదు!

పుస్తకంలో ఇంకొక లోటుంది. స్క్రూజ్ చనిపోయినట్టు చూపించే ఘట్టంలో అతని ఇల్లు ఊడ్చే మనిషీ, బట్టలు ఉతికే మిసెస్ డిల్బరూ అతని మంచం తెరలూ దుప్పట్లూ పాతసామాను కొట్లో అమ్ముకుంటారు. బతికున్నప్పుడు మనిషిలా ఉండుంటే పోయేటప్పుడు పక్కన మనిషి ఉండేది కదా అని వాళ్లనుకుంటారు. అందులో అబద్ధమేముంది? అయితే తెల్లారి కొత్తమనిషి అయిన స్క్రూజ్ గుమాస్తాను తలచుకున్నాడు, మేనల్లుణ్ణి తలచుకున్నాడు, చందాల పెద్దమనిషిని తలచుకున్నాడు. ఆ ఊడ్చే మనిషి ఊసే లేదు.

ఏ సినిమా ఏం చేసింది?

1938లో హాలీవుడ్‌లో ఎంజీఎం వాళ్లు తీసిన సినిమాలో రెజినాల్డ్ ఓవెన్ స్క్రూజ్. క్రాచిట్ దంపతులుగా వేసిన జీన్ లాక్‌హార్ట్, కాథ్లీన్ లాక్‌హార్ట్ నిజంగానే భార్యాభర్తలు. వాళ్లమ్మాయి జూన్ కూడా అందులో కూతురిగానే కనిపిస్తుంది. ఆ ఇల్లు కలకలలాడుతూ ఉంటుంది, కాదనను. కానీ ఇంటిల్లిపాదీ హాయిగా చూడాలని కథలోని చేదంతా తీసేశారు. స్క్రూజ్‌ను పెళ్లాడాల్సిన పిల్ల, డబ్బు పిచ్చి చూసి ఉంగరం తిరిగి ఇచ్చేసే పిల్ల, ఈ సినిమాలో లేనే లేదు. సామాను అమ్ముకునే ఆడవాళ్లూ లేరు. ఆడవాళ్ల కోపమూ, ఆడవాళ్ల అవసరమూ రెండూ తీసేస్తే ఇక మిగిలేది పండగ అలంకారమే.

1970లో పాటలతో వచ్చిన 'స్క్రూజ్' లో ఆల్బర్ట్ ఫిన్నీ హీరో. చూడముచ్చటగా ఉంటుంది. చివర్లో స్క్రూజ్ క్రిస్మస్ తాత వేషం వేసుకుని బొమ్మలతో క్రాచిట్ ఇంటికి ఊరేగింపుగా వెళతాడు. సందడే సందడి. కానీ ఇచ్చేవాడి ఆనందం తెరంతా నిండిపోయి, పుచ్చుకునేవాళ్లు పక్కన నిలబడి చూసేవాళ్లయిపోయారు. ఇది మనం ఎరిగిన దృశ్యమే. దానం చేసేటప్పుడు ఫొటోలు తీయించుకునే వాళ్లను చూడట్లేదూ?

1992 నాటి 'ది మపెట్ క్రిస్మస్ కరోల్' పిల్లల బొమ్మల సినిమా. స్క్రూజ్‌గా మైకేల్ కెయిన్, బాబ్‌గా కప్ప బొమ్మ కెర్మిట్, అతని భార్యగా పంది బొమ్మ మిస్ పిగ్గీ. నవ్వులాటే అయినా ఇల్లాలి కోపాన్ని ఈ సినిమా దాచలేదు. చివర్లో స్క్రూజ్ గుమ్మంలోకి వస్తే ఆవిడ అతని మీదికి దూకడానికి సిద్ధంగా ఉంటుంది. జీతం పెంచుతానన్నాక గానీ చల్లబడదు. ఇందులోనే ఇంకో విశేషం. స్క్రూజ్‌ను విడిచి వెళ్లేటప్పుడు బెల్ పాడే పాటను, పిల్లలు విసుక్కుంటారని, థియేటర్ ప్రతిలోంచి కోసేశారు. దాని అసలు ఫిల్ము చాలాకాలం కనిపించలేదు. చివరికి దొరికి, పాటతో కూడిన పూర్తి సినిమా 2022 డిసెంబరులో డిస్నీ ప్లస్‌లోకి వచ్చింది. తమాషా ఏమిటంటే, సినిమా చివర అందరూ కలిసి పాడే పాట ఆ బెల్ పాట బాణీకి జవాబు. ప్రశ్న కోసేసి జవాబు మాత్రం ఉంచారన్నమాట!

2009లో రాబర్ట్ జెమెకిస్ కంప్యూటర్ బొమ్మలతో తీసిన దాంట్లో జిమ్ కేరీ స్క్రూజ్‌తో పాటు మూడు ఆత్మలూ తనే అయ్యాడు. చెల్లెలు ఫ్యాన్, ప్రియురాలు బెల్ ఇద్దరికీ కలిపి ఒకే నటి, రాబిన్ రైట్. పరుగులూ ఎగరడాలూ బోలెడు. ఆ హడావుడిలో ఆడవాళ్లు అలా వచ్చి ఇలా పోతారు.

2019లో బీబీసీ మూడు భాగాలుగా చూపించినది మరీ చీకటి కథ. పిల్లలతో కూర్చుని చూసేది కాదు. అందులో మిసెస్ క్రాచిట్ బిడ్డ ప్రాణం కోసం 30 పౌన్లు అడగడానికి వస్తే, స్క్రూజ్ ఆ అవసరాన్ని అడ్డం పెట్టుకుని ఆవిడను ఘోరంగా అవమానిస్తాడు. చివర్లో డబ్బు ఇచ్చినా ఆవిడ క్షమించదు. అన్ని సినిమాల్లోనూ క్షమాపణ డబ్బుకు దొరకదని చెప్పిన ఇల్లాలు ఈవిడే. అందుకు మెచ్చుకుంటాను. కానీ చూశాక మనసు మొద్దుబారుతుందే తప్ప, రేపటినుంచి నేనేం చేయాలన్న ఆలోచన రాదు.

నిలబడిన సినిమా

నా ఓటు 1951లో వచ్చిన బ్రిటిష్ సినిమా 'స్క్రూజ్' కే. బ్రయన్ డెస్మండ్ హర్స్ట్ దర్శకుడు, అలస్టేర్ సిమ్ హీరో. సిమ్ నటన గొప్పదని అందరూ అంటారు, నిజమే. నేను మెచ్చింది మాత్రం పుస్తకంలో లేని రెండు కల్పనల్ని.

మొదటిది చెల్లెలి మరణం. ఫ్యాన్ పురిట్లో పోతుంది. బిడ్డ వల్లే పోయిందని స్క్రూజ్ మేనల్లుడి మీద కక్ష పెంచుకుంటాడు. ఆమె ఆఖరి మాట వినకుండానే గదిలోంచి వెళ్లిపోయాడని ఆత్మ చూపిస్తుంది. నా బిడ్డను చూసుకోమన్నదే ఆ మాట. అందుకే చివర్లో మేనల్లుడి ఇంటికి వెళ్లి, అతని భార్యను క్షమించమని అడిగితే మనకు గొంతు పూడుకుపోతుంది. గుమ్మంలో వెనకాడుతున్న అతనికి, లోపలికి వెళ్లండన్నట్టు తల ఊపి ధైర్యం చెప్పేది ఆ ఇంటి పనిపిల్ల!

రెండోది మిసెస్ డిల్బర్. ఈ సినిమాలో ఆవిడ స్క్రూజ్ ఇంట్లోనే పనిచేస్తుంది. తెల్లారి ఆయన గెంతులు చూసి, పిచ్చెక్కిందని కేకలు పెడుతూ మెట్లమీదుగా పరుగెడుతుంది. ఆయన వెంటపడి చేతిలో గినీ నాణెం పెడతాడు. గినీ అంటే 21 షిల్లింగులు. నోరు మూసుకోవడానికా అని అడుగుతుంది పాపం. పండగ కానుకంటాడు. సినిమా అక్కడితో ఆపేసినా చప్పట్లు కొట్టేవాళ్లం. కానీ ఆపలేదు. నీకు జీతం ఎంతిస్తున్నానని అడుగుతాడు. వారానికి రెండు షిల్లింగులంటుంది. ఇకనుంచి పది అంటాడు.

నా దృష్టిలో కథకు అసలు ముగింపు అది. గినీ ఒక్క రోజుది. పది షిల్లింగులు ప్రతి వారానిదీ. మనసు మారిందన్నదానికి రుజువు పండగరోజు కన్నీళ్లలో లేదు, మామూలు వారంలో చేతికొచ్చే డబ్బులో ఉంది.

పండగపూట చూసే దయ్యాల కథలో జీతాల గోలేమిటమ్మా అని ఎవరైనా అనవచ్చు. ఆ గోల నాది కాదు, డికెన్స్‌దే. 12 ఏళ్ల వయసులో, తండ్రి అప్పులకింద జైల్లో ఉంటే, బూటుపాలిష్ కొట్లో సీసాలకు కాగితాలు అంటించిన మనిషాయన. 1843లో ఫ్యాక్టరీల్లో పసిపిల్లల చాకిరీ మీద వచ్చిన ప్రభుత్వ నివేదిక చదివి ముందు కరపత్రం రాద్దామనుకున్నాడు. కరపత్రం కంటే కథ గట్టిగా తగులుతుందని ఇది రాశాడు. ఈ పుస్తకం వెలువడేనాటికి ఆయన భార్య కేథరిన్ అయిదో బిడ్డను మోస్తోంది. ఆవిడ 1851లో మారుపేరుతో విందు భోజనాల మీద పుస్తకం కూడా వేసింది. పదిమంది పిల్లల్ని కన్న ఆ ఇల్లాలిని 1858లో ఆయన దూరం పెట్టేశాడు. ఊరి ఆకలి చూసినవాళ్లంతా ఇంట్లో మనిషిని చూస్తారన్న నమ్మకం లేదు.

ఇక మన సంగతి. ఈ సినిమాలు చూస్తూ మనం ఎప్పుడూ మిసెస్ క్రాచిట్‌నే మనమనుకుంటాం. చాలీచాలని జీతం, పిండి పాళ్ల బెంగ, అన్నీ మనవేనని. కానీ రోజూ పొద్దున్నే వచ్చి మన అంట్లు తోమి, గచ్చు తుడిచి వెళ్లే మనిషి కళ్లకి మనం ఎవరం? ఆలోచించారా?

సంక్రాంతికి చీర పెట్టాం, దసరాకి ఇనాం ఇచ్చాం, మిగిలిన పిండివంటలు కట్టిచ్చాం అంటాం. మంచిదే, మానమని నేననను. కానీ ఆ చీర టర్కీ కోడి లాంటిది. జ్వరమొచ్చి నాలుగు రోజులు రాకపోతే కోయకుండా ఇచ్చే జీతం, నెలకు రెండు మూడు సెలవులు, బియ్యం పప్పు ధరలు పెరిగినప్పుడు అడక్కుండానే పెంచే వంద రూపాయలు... ఇవీ పది షిల్లింగులు. వాటికి మూడు ఆత్మలు దిగి రానక్కర్లేదు, ఇంటిఖర్చు పుస్తకం ముందేసుకుని కూర్చుంటే చాలు.

ఈ డిసెంబరులో వీలైతే ఆ 1951 సినిమా చూడండి. చూశాక టీవీ కట్టేసే ముందు ఒక్క లెక్క వేసుకోండి. మీ ఇంటి మిసెస్ డిల్బర్‌కి జీతం పెంచి ఎన్నాళ్లయింది?