పోయిన కూలి అడగడం నేరమా?

ఆటను ప్రేమించేవాడు డబ్బు అడగరాదన్న నీతిని రగ్బీ పెద్దలు ఒక శతాబ్దంపాటు వల్లించారు. వినడానికి ఇది ఎంతో ఉదాత్తంగా ఉంటుంది. అయితే ఆ నీతిని బోధించినవారెవరు, దాని మూల్యం చెల్లించినవారెవరు అని విచారించినపుడే దాని అసలు స్వరూపం బయటపడుతుంది. ఈ విచారణ మనకు పరాయిది కాదు. మూల్యం చెల్లించినవారిలో ఒకరు మనవంటి తపాలా గుమాస్తా. న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్ పోస్టాఫీసులో పనిచేసిన ఆ యువకుని పేరు ఆల్బర్ట్ బాస్కర్‌విల్.

తగవుకు మూలం ఇంగ్లండులో ఉంది. యార్క్‌షైర్, లాంకషైర్ ప్రాంతాలలో రగ్బీ ఆడినవారు ముఖ్యంగా గని కార్మికులు, మిల్లు కార్మికులు. దూరపు ఊరిలో ఆట ఉన్ననాడు పని మానవలసి వచ్చేది. పని మానితే ఆ కూలి పోయేది. పబ్లిక్ స్కూళ్లలో చదివిన ఆస్తిపరులకు ఈ చిక్కు లేదు. కోల్పోయిన కూలిని మాత్రం ఇప్పించండన్న తీర్మానాన్ని 1893లో రగ్బీ యూనియన్ సర్వసభ్య సమావేశం 282–136 ఓట్లతో తిరస్కరించింది. కార్మికులు అడిగినది జీతం కాదు, లాభంలో వాటా కాదు. ఆట కోసం పోగొట్టుకున్న పూట కూలి మాత్రమే. అదికూడా ఆట పవిత్రతకు భంగమట!

ఆ అహంకారానికి సమాధానంగా 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై నార్తర్న్ యూనియన్ అనే వేరు సంస్థను నెలకొల్పాయి. పోయిన కూలి కింద రోజుకు 6 షిల్లింగుల వరకు చెల్లించడానికి అంగీకరించాయి. నేడు రగ్బీ లీగ్ అని పిలుస్తున్న ఆట అక్కడ పుట్టింది.

ఇక న్యూజీలాండ్ సంగతి. 1905–06లో ఆ దేశపు జట్టు బ్రిటన్, ఫ్రాన్స్, ఉత్తర అమెరికాలలో 35 ఆటలాడి ఒక్క వేల్స్ చేతిలో మాత్రమే ఓడింది. మైదానాలు కిక్కిరిసిపోయాయి. జాతీయ రగ్బీ సంఘం ఖజానాకు వేలాది పౌన్లు చేరాయి. చెమటోడ్చి ఆడినవానికి దక్కినది రోజుకు 3 షిల్లింగుల బత్తెం. స్కాట్లండ్ పెద్దలు ఆ 3 షిల్లింగులకు సైతం అభ్యంతరం చెప్పారు! ద్వారం వద్ద టిక్కెట్టు అమ్మడం క్రీడాధర్మమూ, ఆటగాడు బత్తెం పుచ్చుకోవడం అధర్మమూ ఎట్లా అయ్యాయో వారే చెప్పాలి.

ఈ అన్యాయానికి బాస్కర్‌విల్ ఇచ్చిన జవాబు గమనార్హమైనది. ఆయన ఉపన్యాసాలతో సరిపెట్టుకోలేదు. పోస్టాఫీసు ఉద్యోగం వదులుకొని, ఇంగ్లండు నార్తర్న్ యూనియన్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి, ఒక జట్టును సమకూర్చాడు. 1905 నాటి జట్టులో ఆడిన జార్జి స్మిత్ ఇందులో ముఖ్య సహచరుడు. ఆటగాళ్లు తలా 50 పౌన్లు పెట్టుబడిగా వేశారు; మిగులును తమలో తామే పంచుకోవాలని ఏర్పాటు చేసుకున్నారు. నడుమ కంట్రాక్టరు లేడు, దళారి లేడు. బాస్కర్‌విల్ ఆ జట్టుకు కార్యదర్శి.

అధికార రగ్బీ సంఘం దీనిని సహించలేదు. ప్రముఖ ఆటగాళ్లచేత మేము అమెచ్యూర్లమని ప్రమాణ పత్రాలపై సంతకాలు కోరింది. బాస్కర్‌విల్‌ను బహిష్కరించింది. పత్రికలు ఆ జట్టుకు ‘ఆల్ గోల్డ్స్’ అని ఎగతాళి పేరు పెట్టాయి. పొట్టకూటి కోసం హక్కు అడిగినవానికి ధనాశాపరుడన్న ముద్ర వేయడం మనం ఎరుగని ఎత్తుగడ కాదు.

ఆ జట్టు ఎగతాళికి ఆటతోనే బదులు చెప్పింది. దారిలో సిడ్నీలో ఆడినపుడు అక్కడి మేటి ఆటగాడు డాలీ మెసెంజర్ వారితో కలిశాడు. 1908 జనవరి 25న లీడ్స్ నగరంలోని హెడింగ్లీలో జరిగిన మొదటి టెస్టులో 14–6తో ఓడినా, ఫిబ్రవరిలో లండన్‌లో 18–6తో, చెల్టెన్‌హామ్‌లో 8–5తో గెలిచి బ్రిటిషు జట్టుపై సిరీస్ నెగ్గింది. తిరుగు ప్రయాణంలో, మే 9న సిడ్నీలో ఆస్ట్రేలియాపై 11–10తో గెలిచిన టెస్టులో బాస్కర్‌విల్ స్వయంగా ఆడి ఒక ట్రై సాధించాడు. ఆయన ఆడిన టెస్టు అదొక్కటే. మే 20న బ్రిస్బేన్‌లో న్యుమోనియాతో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 25 ఏళ్లు.

సహచరులు ఆయనను మరువలేదు. 1908 జూన్ 13న వెల్లింగ్టన్‌లో ఆయన తల్లి సహాయార్థం ఒక ఆట ఆడారు. న్యూజీలాండ్ గడ్డపై జరిగిన మొదటి రగ్బీ లీగ్ ఆట అదే. డబ్బు కోసం ఆటను అమ్ముకున్నారని నిందలు మోసినవారే, మరణించిన తోటివాని తల్లి కోసం ఆడి నిధి పోగుచేశారు. క్రీడాస్ఫూర్తి ఎవరి పక్షాన ఉన్నదో ఇంకా విడమరచి చెప్పాలా?

కొందరు మిత్రులు అడగవచ్చు: జీతం వస్తే ఆట వ్యాపారమైపోదా? మేము అంటున్నాము: ఆట అప్పటికే వ్యాపారం. అందరూ లాభపడుతూండగా శ్రమించినవాడు మాత్రమే త్యాగి కావాలనడం నీతి కాదు, దోపిడీ. నార్తర్న్ యూనియన్‌నూ మేము వెనకేసుకు రావడం లేదు. 1898లో జీతాలు అనుమతించినపుడు, ఆటగాడికి వేరే ఉపాధి ఉండి తీరాలని షరతు పెట్టింది అదే.

ఈ షరతు మన చెవులకు కొత్తదా? గ్రామీణ డాక్ సేవకునికి సర్కారిచ్చే సొమ్ముకు తోడు వేరే ఆదాయ మార్గం ఉండాలని మన తపాలా శాఖ నిబంధనలే చెబుతున్నాయి. అతడు అందుకునేది జీతం కాదట, అలవెన్సు. అతడు ఉద్యోగి కాదట, సేవకుడు. మాట ఉదాత్తంగా ఉన్నచోట మూట తేలికగా ఉంటుంది. ఈ రహస్యం బాస్కర్‌విల్ 1907లోనే కనిపెట్టాడు.

1995 ఆగస్టు 26న రగ్బీ యూనియన్ పెద్దలు పారిస్‌లో అమెచ్యూర్ నిబంధనను తామే రద్దుచేశారు. హడర్స్‌ఫీల్డ్ సమావేశానికి నూరేళ్లు నిండడానికి అప్పటికి 3 రోజులే తక్కువ. బ్రిటన్, న్యూజీలాండ్ రగ్బీ లీగ్ జట్ల పోటీలో విజేతకు ఇవ్వడానికి బాస్కర్‌విల్ పేరిట ఒక షీల్డు కూడా ఏర్పడింది. గౌరవం దక్కింది, సంతోషమే. కాని న్యాయమైన కోరికను ఒప్పుకోవడానికి నూరేళ్లు తీసుకున్నవారు, ఆ నూరేళ్లలో పోయిన కూలిని ఎవరికీ తిరిగి ఇవ్వలేదు. అందుకే ఏనాటి కూలిని ఆనాడే అడగాలి. అందరూ కలసి అడగాలి.