చేతి లేజర్‌కు ఎంత పవర్ కావాలి?

చేతిలో పట్టుకునే లేజర్ కొనాలంటే ఇవాళ బెంగళూరు దాకా పోనక్కరలేదు. చింతామణిలో ఉన్నా, బాగేపల్లి పక్క పల్లెలో ఉన్నా ఫోన్లో ఆర్డర్ పెడితే ఇంటికే వస్తుంది. కుర్రవాళ్లు మొదట చూసేది దాని పవరే. ఎన్ని మిల్లీవాట్లు, ఎన్ని కిలోమీటర్లు, అగ్గిపుల్ల అంటుకుంటుందా? ఎంపిక ఇక్కడినుంచి మొదలైతే పొరపాటు దారి పట్టినట్టే. ఈ తాలూకాల్లో చేతి లేజర్‌తో నిజంగా జరిగే పని ఏదైనా 5 మిల్లీవాట్లలోపే అయిపోతుంది. అంతకు మించిన శక్తి పనికి ఏమీ కలపదు, కంటికి ముప్పు మాత్రం పెంచుతుంది. కాబట్టి అంతకు మించిన లేజర్లను బొమ్మల్లా విడిగా అమ్మనివ్వకూడదు.

మామూలు బల్బు వెలుగు నలుదిక్కులకూ చెదిరిపోతుంది. లేజర్ కిరణం అంతగా చెదరదు. కంట్లో పడితే కంటి కటకమే దాన్ని రెటీనా మీద వెంట్రుక మందం కన్నా చిన్న చుక్కగా కూడగడుతుంది. అందుకే 5 మిల్లీవాట్ల కిరణం ఆ చుక్క దగ్గర సూర్యుణ్ణి నేరుగా చూసినదానికన్నా తీవ్రంగా ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణాలు లేజర్లను తరగతులుగా విడగొట్టింది ఈ లెక్క మీదే. కళ్లు చెదిరి రెప్ప వాలడానికి పావు సెకను పడుతుందనుకుని, ఆలోగా హాని జరగని హద్దుగా 1 మిల్లీవాట్ దగ్గర రెండో తరగతి గీత గీశారు. మూడో తరగతిలో 5 మిల్లీవాట్ల దాకా జాగ్రత్తతో వాడొచ్చు. 500 మిల్లీవాట్లు దాటితే నాలుగో తరగతి. అక్కడ నేరుగా తగిలిన కిరణమే కాదు, గోడ మీద పడి చెదిరిన వెలుగూ కంటిని దెబ్బతీయగలదు. రెటీనాలో కాలిన కణాలు మళ్లీ మొలవవు.

'నేను 5 మిల్లీవాట్లదే కొన్నాను, నాకేం భయం' అంటారా? చీటీ మీద రాసినది లోపల ఉన్నదేనని నమ్మకం లేదు. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2013లో 122 చేతి లేజర్లను కొలిచి చూస్తే, ఆకుపచ్చవాటిలో దాదాపు 90 శాతం, ఎరుపువాటిలో 44 శాతం అనుమతించిన హద్దు దాటాయి. ఆకుపచ్చది ఎందుకు ఎక్కువ మోసం చేస్తుందో దాన్ని విప్పి చూస్తే తెలుస్తుంది. చౌక పాయింటర్లలో చాలావాటిలో నేరుగా ఆకుపచ్చ వెలుగు పుట్టదు. 808 నానోమీటర్ల పరారుణ డయోడ్ ఓ స్ఫటికాన్ని రెచ్చగొడితే అందులోంచి 1064 నానోమీటర్ల కిరణం పుడుతుంది. రెండో స్ఫటికం దాన్ని సగానికి, అంటే 532కు మారుస్తుంది. కంటికి కనిపించే పచ్చదనం అదే. మిగిలిపోయిన పరారుణాన్ని ఆపడానికి ముందర చిన్న ఫిల్టర్ గాజు పెట్టాలి. చౌక సరుకులో ఆ గాజునే ఎగ్గొడతారు. అదే సంస్థ 2010లో పరీక్షించిన ఒక పాయింటర్ 10 మిల్లీవాట్లదని అమ్మినది. పచ్చ వెలుగు మసకగానే ఉన్నా, కంటికి కనపడని పరారుణం మాత్రం 20 మిల్లీవాట్ల దాకా వెళ్లగక్కింది. కనపడని వెలుగుకు రెప్ప వాలదు. మసకగా ఉందిలే అని పిల్లవాడు ఇంకా దగ్గరపెట్టి చూస్తాడు.

చిక్కబళ్లాపురం జిల్లాకు కొలిచి చూసే అలవాటు కొత్తది కాదు. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో పుట్టిన భౌతికశాస్త్రవేత్త హెచ్. నరసింహయ్య, బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉండగా 1976లో మహిమలనే పరీక్షకు పెట్టాలని కమిటీ వేశారు. ఆయన పెంచిన నేషనల్ కాలేజీలు బాగేపల్లిలో, గౌరిబిదనూరులో ఉన్నాయి. లేజర్ మీద మోజున్న విద్యార్థికి 1 మిల్లీవాట్ ఎరుపు పాయింటర్, ఒక పాత సీడీ చాలు. సీడీ గీతల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. దాని మీద కిరణాన్ని నిటారుగా పడనిస్తే, మీటరు దూరంలో ఉన్న గోడ మీద నడిమి చుక్కకు అటూ ఇటూ సుమారు 44 సెంటీమీటర్ల ఎడంలో మరో రెండు చుక్కలు వెలుస్తాయి. ఆ దూరం టేపుతో కొలిస్తే వెలుగు తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లని లెక్క తేలుతుంది. అగ్గిపుల్ల అంటించే లేజర్‌తో ఇందులో సగం చదువు కూడా రాదు.

సొంతంగా తయారుచేసుకుంటామనేవాళ్లూ ఉన్నారు. పాత ప్రొజెక్టర్లలోంచి నీలి డయోడ్లు ఊడదీసి, వాటికి కరెంటు సర్క్యూట్, కటకం, లోహపు గొట్టం తగిలించి ఒక వాటు దాటే లేజర్ కట్టడం 2010 నుంచీ ప్రపంచమంతా నడుస్తోంది. చేతిపని నేర్పే ఉత్సాహాన్ని తప్పుపట్టను. అయితే ఆ పని నేర్చుకునేది తలుపు మూసిన ప్రయోగశాలలో, బల్లకు బిగించిన కిరణంతో, ఆ రంగుకే తగిన కళ్లద్దాలతో. లేజర్‌తో పాటు ఉచితంగా వచ్చే రంగు ప్లాస్టిక్ అద్దాలు రక్షణ కళ్లద్దాలు కావు. ఏ తరంగదైర్ఘ్యపు వెలుగును ఎన్ని రెట్లు తగ్గిస్తుందో అద్దం మీదే రాసి ఉండాలి. అది లేకపోతే అవి పెట్టుకున్నా పెట్టుకోనట్టే.

ఇక మన అవసరాల సంగతి. ఊరి దీపాలకు దూరంగా గుడిబండ, బాగేపల్లి వైపు పిల్లలకు నక్షత్రాలు చూపించడానికి 5 మిల్లీవాట్ల పచ్చ కిరణం ధారాళంగా సరిపోతుంది. పచ్చరంగుకు మన కన్ను ఎక్కువ స్పందిస్తుంది కాబట్టి ఆ కిరణం ఆకాశంలో గీతలా కనిపిస్తుంది. చిక్కబళ్లాపురం ద్రాక్ష తోటల రైతుకు పక్షుల బెడద నిజమైన బాధ. పక్షులను తోలే చేతి లేజర్లు విదేశాల్లో ఉన్నమాటా నిజమే. కానీ అవి పనిచేసేది వెలుతురు మందగించినప్పుడు, తెల్లవారుజామున, సందెవేళ. పట్టపగలు గుత్తుల మీద వాలే చిలుకల గుంపుకు ఎండలో ఆ చుక్క ఆనదు. తోట మీద వల కప్పడమే రైతుకు నమ్మకమైన దారి, ఆదుకోదలిస్తే ప్రభుత్వం వలకు సాయం చెయ్యాలి. రాత్రి పందుల కాపలాకు కావలసింది వెలుతురు, అది మంచి ఎల్‌ఈడీ టార్చ్ ఇస్తుంది.

'కత్తితోనూ కోసుకుంటారు, కత్తులు మానేశామా' అని ఎదురు ప్రశ్న వస్తుంది. కత్తి అంచు మూరెడు దూరంలో ఆగుతుంది. లేజర్ ఎక్కడ ఆగుతుందో పట్టుకున్నవాడికి కనపడదు. ఒక వాటు లేజర్ కిరణం కిలోమీటరుకు మీటరు చొప్పున విచ్చుకుంటుందనుకుందాం. 5 కిలోమీటర్ల దూరంలో దాని తీవ్రత చదరపు సెంటీమీటరుకు 5 మైక్రోవాట్లు. పైలట్ కళ్లకు మిరుమిట్లు కమ్ముతాయని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన హద్దు సరిగ్గా అదే. ఆ హద్దు వర్తించే వలయం విమానాశ్రయం చుట్టూ 18.5 కిలోమీటర్లు. 2008లో దేవనహళ్లి దగ్గర కెంపేగౌడ విమానాశ్రయం తెరుచుకున్నాక దేవనహళ్లి, విజయపుర ఆ వలయంలో పడ్డాయి. నంది కొండ దాదాపు దాని అంచున ఉంది. కొండ మీదికి సరదాకి పోయినవాడు విమానం దీపాల మీదికి కిరణం తిప్పితే, నేల మీదికి దిగబోతున్న వందల ప్రాణాలతో ఆడుకుంటున్నట్టే.

'దానికి చట్టాలున్నాయి కదా' అనేవాళ్లకు అమెరికా అనుభవమే జవాబు. విమానం మీద లేజర్ వేస్తే ఐదేళ్ల దాకా జైలని ఆ దేశం 2012లో చట్టం చేసింది. అయినా 2023లో 13,304 ఘటనలు పైలట్లు నమోదు చేశారు. చీకట్లో జేబులో దూరిపోయే వస్తువును పట్టుకోవడం ఏ పోలీసుకైనా కష్టం. ఆస్ట్రేలియా 2008లోనే 1 మిల్లీవాట్ దాటిన పాయింటర్ల దిగుమతికి అడ్డుకట్ట వేసింది. మనమూ అడ్డుకోవలసింది అమ్మకం దగ్గరే. లేజర్ భద్రతకు ఐఎస్ 14624 ప్రమాణం మన దేశంలోనూ ఉంది. దిగుమతయ్యే, ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి చేతి లేజర్‌నూ దానికింద పరీక్షించి, తరగతి ముద్ర లేనిదాన్ని అంగడికి రానివ్వకూడదు. మూడో తరగతిలో 5 మిల్లీవాట్లు దాటినవీ, నాలుగో తరగతివీ కాలేజీలకు, కర్మాగారాలకు బిల్లు మీద, బాధ్యుడి పేరు రాసుకుని ఇవ్వాలి. పరిశోధనకు ఇది అడ్డు కాదు, ప్రయోగశాల ఎలాగూ ఆ లెక్క రాసుకుంటుంది.

ఆన్‌లైన్ అంగడిని అదుపు చేయడం ఢిల్లీ పని, దానికి కాలం పట్టవచ్చు. జిల్లాలోనే ఈ ఏడాదే చేయగలిగింది జాతరల, వినాయక ఊరేగింపుల అనుమతుల్లో ఉంది. 2023 వినాయక ఉత్సవాల తర్వాత మహారాష్ట్రలో లేజర్ వెలుగు తగిలి చూపు దెబ్బతిన్న యువకులను కంటి వైద్యులు చూశారు. 2024లో పుణె పోలీసులు ఊరేగింపుల్లో ఆ కిరణాలను నిషేధించారు. మన దగ్గర డీజేకి అనుమతి ఇచ్చేటప్పుడు శబ్దం సంగతి అడుగుతారు, రాత్రి ఎన్నింటిదాకా అని అడుగుతారు. లేజర్ ఉందా, ఏ తరగతిది, దాన్ని నడిపేదెవరు అనే మూడు ప్రశ్నలు కూడా ఆ దరఖాస్తులో చేర్చాలి. జనం నిలబడే నేలకు 3 మీటర్ల ఎత్తుకు దిగువన కిరణం రాకూడదని షరతు రాసి, ఊరేగింపు బయలుదేరకముందే ఉత్సవ కమిటీ పెద్దల ఎదుట ఆ యంత్రాన్ని వెలిగించి చూడాలి.