అడ్డ గీతలు, నిలువు గీతలు, మా అక్క

నాకు సిలిండర్ పవర్ ఉంది. గ్యాస్ సిలిండర్ కాదండోయ్, కళ్ళజోడు చీటీలో రాసే సిలిండర్! అదే, ఆస్టిగ్మాటిజం. ఇంటర్ రెండో ఏడాది దాకా ఎవరూ కనిపెట్టలేదు. ఇప్పుడు సరైన అద్దాలే పెట్టుకున్నా, హైటెక్ సిటీలో మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే ఎదుటి గాజు బిల్డింగు నిలువు గీతలు చక్కగా, అడ్డ గీతలు కాస్త పలచగా కనిపిస్తాయి. "లోపం ఇప్పుడు కంట్లో లేదు, మెదడులో ఉంది" అన్నారు డాక్టరుగారు.

కాస్త తవ్వితే తేలిందిదీ. 1958లో హ్యూబెల్, వీజల్ అనే ఇద్దరు పిల్లి మెదడులో ఒక కణాన్ని గమనిస్తూ కూర్చున్నారు. చుక్కలు చూపిస్తే ఉలుకూ పలుకూ లేదు. స్లైడు మారుస్తుంటే దాని అంచు నీడ పడి టపటపా మోగింది, అదీ ఒక వాలులో పడితేనే! విజువల్ కార్టెక్స్‌లో ఒక్కో కణానికీ ఒక్కో కోణం ఇష్టమన్నమాట. 1981లో వాళ్ళకి నోబెల్ వచ్చింది. మరి మనిషో? 2005లో కమితాని, టాంగ్ మెదడు స్కాన్ చూసి, ఆ మనిషి ఏ వాలు గీతలు చూస్తున్నాడో చెప్పగలిగారు.

మన భాషలో చెప్పాలంటే ఇవి ఇమేజ్ మోడల్ మొదటి లేయర్ ఫిల్టర్లు. పుట్టుకతో కొంత వైరింగ్ ఉన్నా, అసలు ట్రైనింగ్ చిన్నతనంలోనే. ఆ డేటాలో అడ్డ గీతలన్నీ అలుక్కుపోయి ఉంటే ఆ ఫిల్టర్లు బలహీనంగా మిగిలిపోతాయి. మనుషుల్లో ఇలా జరుగుతుందని 1972లోనే ఫ్రీమన్ బృందం చూపించింది. తర్వాత కెమెరా లెన్స్ మార్చినంత మాత్రాన మోడల్ మారదు కదా!

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న కొండాపూర్‌లో అక్కావాళ్ళింటికి వెళ్తే మూడున్నరేళ్ళ మేనకోడలు తల పక్కకి వంచి, కళ్ళు చికిలించి టీవీ చూస్తోంది. కళ్ళు చూపిద్దామన్నాను. "ఆడపిల్లకి ఇప్పట్నుంచే సోడాబుడ్డి అద్దాలేంట్రా, పెద్దయ్యాక చూద్దాంలే" అంది అక్క. బావ కూడా సాఫ్ట్‌వేరే. ప్రొడక్షన్లో దొరికే బగ్గు ఎంత ఖరీదో తెలిసిన మనిషి, ఆయనా తలూపాడు!

అక్కడే నాకు మండింది. ఏడెనిమిదేళ్ళు దాటితే అస్సలు బాగవదని కాదు, కష్టమవుతుంది. అక్షరాలు రాని పిల్లలకి కూడా కంట్లో లైటు వేసి పవర్ చూడొచ్చు. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి 1987 నుంచీ ఉంది, పిల్లలకి ప్రత్యేక విభాగంతో సహా. ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ వెళ్ళినా పూటలో పని. ప్లేస్కూల్ సీటు కోసం తెల్లారకముందే క్యూ కట్టే మనం ఈ ఒక్క పూట పెట్టలేమా?

శనివారానికి అపాయింట్‌మెంట్ తీసేసుకున్నా. అక్కకి ఇంకా చెప్పలేదు.