చూసి రావలసినవి: అండమాన్ పగడాల తోటలు

గత సంచికలో అండమాన్ ప్రయాణం గురించి నాలుగు మాటలు రాశాను. దానిమీద సభ్యుల నుంచి ఉత్తరాలు, ఫోన్లు చాలానే వచ్చాయి. సెల్యులర్ జైలు గురించి అడుగుతారనుకుంటే, ఎక్కువమంది సముద్రం అడుగున చూసే చేపల గురించి అడిగారు. "ఈత రాదు, దిగవచ్చా?", "బీపీ ఉంది, ఒప్పుకుంటారా?", "పిల్లలకు ఏ వయసు ఉండాలి?" అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

నేను అక్కడికి 2 సార్లు వెళ్లాను. 2009 జనవరిలో మావారితో, 2018 జనవరిలో మా అమ్మాయి, మనవడితో. ఆ మధ్యకాలంలో ఆ సముద్రంలో జరిగిన మార్పు మీకు చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

ముందుగా పేర్ల సంగతి. మనం హేవ్‌లాక్ అని పిలిచే దీవి 2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీప్. నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. టిక్కెట్లు కొనేటప్పుడు రెండు పేర్లూ కనబడతాయి, కంగారు పడకండి. భాషకూ ఇబ్బంది లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో ప్రతి 100 మందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగే. వారిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలవారు. పడవల మీద, చేపల బజారులో వినబడే తెలుగు మా బరంపురం వైపు మాటలాగే ఉంటుంది.

ఇక దిగడం సంగతి. వీపుకు గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్లలోకి వెళ్లడాన్ని స్కూబా డైవింగ్ అంటారు. ఈ పద్ధతికి కావలసిన, అడిగినంత గాలి మాత్రమే అందించే పరికరాన్ని 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు తయారుచేశారు. మొదటిసారి దిగేవారికి ఈత రాకపోయినా ఫరవాలేదు. శిక్షకుడు పక్కనే ఉండి పట్టుకునే తీసుకువెళతాడు. లోతు 12 మీటర్లు దాటనివ్వరు. పిల్లలకు సాధారణంగా 10 ఏళ్లు నిండాలి. ఉబ్బసం, గుండెజబ్బు, చెవి బాధలు ఉన్నవారు, బీపీకి మందులు వాడుతున్నవారు ఇంటి దగ్గరే డాక్టరును అడిగి కాగితం రాయించుకుని వెళ్లడం మంచిది. అక్కడ ఇచ్చే ఆరోగ్య పత్రంలో నిజం దాచకండి.

చీర తప్ప మరొకటి కట్టని మనిషిని. ఆ నల్లటి రబ్బరు తొడుగు వేసుకుని అద్దంలో చూసుకుంటే నాకే నవ్వు ఆగలేదు. మనవడైతే, "అమ్మమ్మా, నువ్వు సీలు చేపలా ఉన్నావు" అన్నాడు. నీళ్లలోకి వెళ్లాక మాత్రం ఆ నవ్వులన్నీ మరిచిపోయాను.

నేను సైన్సు టీచరుగా పనిచేసినదాన్ని గనుక ఒక చిన్న పాఠం చెప్పక తప్పదు. 10 మీటర్లు దిగేసరికి మన మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. చెవుల్లోని గాలి సగానికి కుంచించుకుపోతుంది. అందుకే ముక్కు మూసుకుని మెల్లగా ఊదాలి. "టప్" మని చెవులు తెరుచుకుంటాయి. నొప్పి వస్తే ఇంకా దిగకూడదు, కొంచెం పైకి రావాలి. అన్నిటికన్నా ముఖ్యం, లోపల ఊపిరి బిగబట్టకూడదు. పైకి వస్తున్నకొద్దీ గాలి వ్యాకోచిస్తుంది. బిగబడితే ఊపిరితిత్తులకు గాయమవుతుంది. దిగిన తరువాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకుండా ఉండటం క్షేమం. కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందురోజు సాయంత్రం డైవింగ్ పెట్టుకోకండి.

ఎక్కడ దిగాలి? కొత్తవారికి స్వరాజ్ ద్వీప్‌లో తీరం నుంచే నడిచి వెళ్లగలిగే నీమో రీఫ్ అనువైనది. పైనుంచి ముఖం ముంచి చూస్తే చాలనుకునేవారికి ఎలిఫెంట్ బీచ్ ఉంది. శిక్షణ పొందినవారు డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ వంటి లోతైన చోట్లకు పడవల మీద వెళతారు. బాగా అనుభవం ఉన్నవారు 1991లో మళ్లీ మేల్కొన్న అగ్నిపర్వతమున్న బారెన్ దీవి దగ్గర కూడా దిగుతారు. అసలు నీళ్లలోకే దిగలేనివారికి వండూరు నుంచి జాలీబాయ్ దీవికి అద్దం అడుగున్న పడవలున్నాయి. అది 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులోని దీవి. ప్లాస్టిక్ సీసాలూ సంచులూ అక్కడికి తీసుకుపోనివ్వరు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

లోపల చూసినవి చెబుతాను. క్లౌన్ చేప అని, నారింజరంగు మీద తెల్లచారలున్న చిన్న చేప. పువ్వులా విచ్చుకున్న ఒక జీవి మధ్య కాపురం ఉంటుంది. ఆ పువ్వు రేకులు కుడితే మిగతా చిన్న చేపలు చచ్చిపోతాయి. ఈ చేప ఒంటిమీది జిగురు దాన్ని కాపాడుతుంది. ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్దది ఆడచేప. అది చనిపోతే దాని మగచేపే ఆడచేపగా మారి ఇంటి పెత్తనం తీసుకుంటుంది! మరోచోట చిలకముక్కులాంటి నోరున్న చేపలు పగడపు రాళ్లను కొరుకుతుంటే ఆ చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినిపించింది. అవి నాచును తిని, నమిలిన రాతిని పొడిగా విసర్జిస్తాయి. మనం పాదాలు పెట్టి మురిసిపోయే తెల్లటి ఇసుకలో కొంత భాగం వాటి పుణ్యమే. ఇంకోచోట పెద్ద చేపలు వరుసలో నిలబడి నోళ్లు తెరిస్తే, వేలెడంత నీలం చేపలు లోపలికి వెళ్లి శుభ్రం చేసి వస్తున్నాయి. మా వీధిలోని మంగలి దుకాణం గుర్తొచ్చింది. ఆ దీవుల రాష్ట్ర జంతువు డ్యూగాంగ్, అంటే సముద్రపు ఆవు. నీటి అడుగు గడ్డి మేస్తుంది. ఇప్పుడు బహు కొద్ది మిగిలాయి, మాకు దర్శనం కాలేదు.

వీటన్నిటికీ ఇల్లు పగడం. మన ఆడవారికి పగడం అంటే నల్లపూసల్లో, మంగళసూత్రంలో గుచ్చుకునే ఎర్రపూస. అది ముఖ్యంగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చేది. దాని కొమ్మ ఏడాదికి ఒక మిల్లీమీటరైనా లావెక్కదు. 1244 ప్రాంతంలో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో సుంకం కట్టే సరుకుల్లో పగడాలు కూడా ఉన్నాయంటే, మనవాళ్ల మోజు ఎంత పాతదో చూడండి. అండమాన్‌లో దిబ్బలు కట్టే పగడాలు వేరే జాతివి. కానీ రెండూ ప్రాణులే. చీమతలంత జీవులు లక్షలుగా చేరి, సున్నంతో గూళ్లు కట్టుకుంటూ తరతరాలుగా పైకి పెరుగుతాయి. బండలా పెరిగే రకం ఏడాదికి ఒక సెంటీమీటరు, అటూఇటూ. నడుమెత్తు బండ కనిపిస్తే అది మన ముత్తాతల నాటిదన్నమాట.

జాలీబాయ్ దగ్గర ఒకాయన ముఖానికున్న అద్దం సరిచేసుకోవడానికి అలాంటి బండ మీద నిలబడ్డాడు. మా పడవ నడిపే అబ్బాయి ఒక్క కేక వేశాడు. "బాబూ, అది రాయి కాదండి. దానికి పేణముంది, కాలెట్టకండి!" ఆయనకు తెలుగు రాదు. కేకకే దిగిపోయాడు.

ఆ ప్రాణం ఎంత సున్నితమో 2 సార్లు తెలిసింది ఆ దీవులకు. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ పడమటి తీరంలో నేల మీటరుకు పైగా లేచి, పగడాల దిబ్బలు నీళ్ల బయటపడి ఎండిపోయాయి. 2010 వేసవిలో వచ్చింది వేరే ఆపద. పగడపు జీవి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది. ఎండలో వంట చేసి పెట్టేది అదే, రంగు ఇచ్చేదీ అదే. ప్రతి వేసవిలో ఉండే వేడికన్నా నీరు ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. తెల్లగా పాలిపోతుంది. అప్పటికింకా చావలేదు. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చనిపోతుంది. 2010లో అండమాన్‌లో చాలాచోట్ల అదే జరిగింది. 2016లో మళ్లీ పాలిపోయాయి. 2024 ఏప్రిల్‌లో, ప్రపంచమంతటా పగడాలు నాలుగోసారి పాలిపోతున్నాయని శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

2009లో అద్దం పడవలోంచి చూసినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను, బడిపంతులమ్మ అలవాటు. "జింక కొమ్ముల్లాంటివి, లేత నీలం, పడవ పొడవునా. మెదడులా మడతలు పడినవి 7. బల్లపరుపువి 4" అని ఉంది. 2018లో ఆ పుస్తకం పట్టుకుని అదే దీవికి వెళ్లాను. కొమ్ముల తోట కనిపించిన వైపు విరిగిన ముక్కలు గుట్టపడి, వాటిమీద నాచు పట్టి ఉంది. మెదడులాంటివి 5 లెక్కపెట్టాను. మావారు అప్పటికి లేరు. ఆయన వేలు పెట్టి చూపించిన ఆ నీలం తోటను అమ్మాయికి చూపిద్దామనుకున్నాను. ఎలా ఉండేదో నోటిమాటతోనే చెప్పవలసివచ్చింది. అయితే ఆ ముక్కల మధ్య అరచేయంత కొత్త మొలకలు అక్కడక్కడ ఉన్నాయి. వాటిని మొదట చూసింది మా మనవడు.

సముద్రం వేడిని మీరూ నేనూ వెళ్లి ఆపలేము. కానీ కాళ్లూ లంగర్లూ చెత్తా తోడవకపోతే ఆ మొలకలు నిలదొక్కుకునే అవకాశం ఎక్కువ. అందుకని వెళ్లే సభ్యులకు నా విన్నపాలు ఇవి. పగడాన్ని తాకకండి, దానిమీద నిలబడకండి. చేపలకు బ్రెడ్డు వేయకండి. ఒంటికి క్రీములు దట్టంగా పూసుకునే బదులు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పగడాల మీద లంగరు వేయకుండా, ముందే కట్టి ఉన్న తేలుడు బంతికి పడవను కట్టేవారితోనే వెళ్లండి. ఒడ్డున ఎండిపోయిన పగడపు ముక్క దొరికినా తీసుకురాకండి. 2001లో రాతి పగడాలన్నిటినీ వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. విమానాశ్రయంలో సంచులు చూస్తారు.

పిల్లల చేతికి మాత్రం ఒక నోటుపుస్తకం ఇవ్వండి. తేదీ, చోటు, చూసిన చేపలు, పగడాల రంగులు, ఎన్ని ఉన్నాయో లెక్క, అన్నీ రాయించండి. బొమ్మ వేస్తే మరీ మంచిది. మా మనవడు తన పేజీలో "కొత్త మొలకలు 11" అని రాసుకున్నాడు. వాడికి ఇంకోసారి వెళ్లి లెక్కపెట్టాలని ఉంది. మీ పిల్లలు రాసినవి కూడా మా చిరునామాకు పంపితే వచ్చే సంచికల్లో వీలునుబట్టి ప్రచురిద్దాం.