పేపర్ చదవడం బడిలో ఎందుకు చెప్పరు?

మన హైస్కూల్ పిల్లలకు త్రికోణమితి చెబుతున్నారు. ఆవర్తన పట్టిక చెబుతున్నారు. ఫ్రెంచి విప్లవం చెబుతున్నారు. మంచిదే. మరి పొద్దున ఇంటికొచ్చే పేపరు, రాత్రి దాకా మోగే టీవీ, చేతిలోంచి దిగని ఫోను సంగతేంది? వార్త ఎవరు రాస్తున్నారు, ఎవరి పైసలతో అచ్చవుతోంది, ఒకటి మొదటి పేజీకి ఎందుకెక్కింది, ఇంకొకటి ఎందుకు మాయమైంది? ఈ ప్రశ్నలు అడగడం నేర్పే సబ్జెక్టు సర్కారు బడిలో లేదు. సాంఘిక శాస్త్రంలో ఓ మూలకు ఒక పాఠం పెట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. హైస్కూల్‌లో మీడియా ఒక సబ్జెక్టు కావాలి. ఇది మన కొట్లాట నేర్పిన పాఠం.

అచ్చులో పడ్డ అబద్ధం ఎంత నష్టం చేస్తుందో తెలంగాణకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? తెలంగాణలో కవులే లేరన్న మాట అచ్చయితే, సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబు చెప్పాల్సి వచ్చింది. అచ్చులో పడ్డ నిజానికి ఎంత బలముందో కూడా తెలంగాణకే తెలుసు. అందుకే 1948 ఆగస్టులో ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు చేతులు నరికి చంపారు. రాతకు భయపడ్డవాళ్లు రాసే చేతులనే నరికారు.

ఉద్యమంలో మనం చూసిందేమిటి? 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌కు ఊరూరి నుంచి జనం వచ్చారు. ముళ్లకంచెలు, అరెస్టులు దాటుకుని ట్యాంక్‌బండ్ చేరారు. తెల్లారి చాలా పేపర్లలో జనం లేరు, కూలిన విగ్రహాలే ఉన్నాయి. అదే ఏడాది సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. సమ్మె ఎందుకో చెప్పే కథనాల కంటే బస్సుల్లేక జనం ఇబ్బంది పడుతున్నారన్న కథనాలే ఎక్కువ. ఇబ్బంది నిజమే. కానీ సగం నిజాన్ని మొత్తం నిజంగా చూపడమే అసలు కనికట్టు.

ఇది మన అనుమానమే అన్నవాళ్ల నోరు శ్రీకృష్ణ కమిటీయే మూయించింది. కమిటీ నివేదికలో రహస్యంగా ఉంచిన ఎనిమిదో అధ్యాయంలో ఏముందో 2011 మార్చిలో హైకోర్టులో జస్టిస్ ఎల్. నర్సింహారెడ్డి తీర్పుతో బయటపడింది. తెలుగు పత్రికలు, చానళ్ల యాజమాన్యాలు ఎవరి చేతిలో ఉన్నాయో అందులో లెక్కగట్టారు. పత్రికలు సర్కారు ప్రకటనల మీద బతుకుతాయి కాబట్టి ఆ దారిలో వాటిని వాడుకోవచ్చని సూచించారు. అంటే వార్తను ఎట్లా నడపాలో పాలకులకు పాఠం ఉంది. నడిపిన వార్తను ఎట్లా పసిగట్టాలో మన పిల్లలకు మాత్రం పాఠం లేదు!

రాష్ట్రం వచ్చింది కదా, ఇంకా ఈ ముచ్చటెందుకు అంటారా? రాష్ట్రం వచ్చినందుకే కావాలి. 2014 జూన్‌లో, మన ఎమ్మెల్యేలను ఎగతాళి చేసిన కార్యక్రమం మీద మంట లేచి, కేబుల్ ఆపరేటర్లు రెండు చానళ్లు ఆపేశారు. కోపం న్యాయమైందే. కానీ తీగ పీకితే ఆ చానల్ బుద్ధి మారదు, చూసేవాడికి సోయీ రాదు. యాజమాని ఎవరని నాడు సీమాంధ్ర పేపరును అడిగిన ప్రశ్ననే నేడు మనోళ్ల పేపరును కూడా అడగాలి. పార్టీ కండువా కప్పుకున్న చానల్ ఏ ప్రాంతానిదైతే ఏంది? మనదని వదిలేస్తే దొర మారాడు తప్ప గడీ మారలేదన్నట్టే.

ఫోను వచ్చాక ప్రమాదం ఇంకా పెరిగింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో పుకార్లు తిరిగితే తెలంగాణలో అమాయకుల్ని కొట్టి చంపారు. గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, పాటలతో జనానికి చెప్పించాల్సి వచ్చింది. ఆమెకు దండం పెట్టాల్సిందే. కానీ బడి చెయ్యాల్సిన పని పోలీస్ స్టేషన్ చేస్తుంటే విద్యాశాఖకు సిగ్గనిపించదా?

ఇది సాధ్యం కాని కోరికా? కెనడాలోని అంటారియో రాష్ట్రం 1987లోనే దీన్ని హైస్కూల్ ఇంగ్లిష్ సిలబస్‌లో తప్పనిసరి చేసింది. సీబీఎస్ఈలో 11, 12 తరగతులకు మాస్ మీడియా సబ్జెక్టు ఉంది. అవే తరగతుల హిందీ విద్యార్థులకు ఎన్‌సీఈఆర్టీ 'అభివ్యక్తి ఔర్ మాధ్యమ్' పుస్తకం వేసింది. కేరళ సర్కారు 2022లో 'సత్యమేవ జయతే' పేరుతో లక్షల మంది బడి పిల్లలకు దొంగవార్త గుర్తుపట్టడం నేర్పింది. మరి జిల్లా పరిషత్ హైస్కూల్‌లో తెలుగు మీడియం చదివే రైతుబిడ్డ ఏం పాపం చేశాడు?

ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం ఉంది కదా అంటారు. అది వార్త రాసేవాళ్ల చదువు. మనం అడిగేది వార్త చదివేవాళ్ల చదువు. రాసేవాళ్లు వేలల్లో ఉంటే చదివేవాళ్లు కోట్లలో ఉన్నారు.

దీనికి కోట్లు అక్కర్లేదు. ఎనిమిది నుంచి పది దాకా వారానికి రెండు పీరియడ్లు చాలు. ఒకే రోజు నాలుగు పేపర్లు పక్కపక్కన పరిచి, ఒకే సంఘటనను ఎవరెట్లా రాశారో పిల్లలతో లెక్క తీయించాలి. వార్తేదో, వార్త వేషం కట్టిన ప్రకటనేదో గుర్తుపట్టించాలి. సినిమాలో తెలంగాణ యాస ఏళ్ల తరబడి రౌడీకి, కమెడియన్‌కే ఎందుకు పెట్టారో అడిగించాలి. తమ ఊరి చెరువు మీదనో, రేషన్ షాపు మీదనో తామే ఒక వార్త రాయించాలి. మార్కుల కోసం బట్టీ పెట్టించొద్దు.

బడిలోకి రాజకీయం తేవొద్దని కొందరు పెద్దమనుషులు సుద్దులు చెబుతారు. అయ్యా, రాజకీయం ఫోనులో దూరి పిల్లగాడి పక్కలోనే పడుకుంటోంది. ఇక బడి గేటు మూస్తే ఏం లాభం?

ఏ పార్టీ గద్దెనెక్కినా ఈ సబ్జెక్టు దానంతటదే రాదు. ప్రశ్నించే ఓటరు ఎవరికి కావాలి? కాబట్టి మనమే అడగాలి. ఉపాధ్యాయ సంఘాలు, విద్యార్థి సంఘాలు, జర్నలిస్టు సంఘాలు కలిసి అడగాలి. కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నోళ్లకు రెండు పీరియడ్లు తెచ్చుకోవడం పెద్ద పనా?