కొలువులో పాత పెట్రోలు బంకు

ఈసారి బొమ్మల కొలువులో పిల్లల కార్లకి ఒక పాత పెట్రోలు బంకు కట్టండి. ముందు కొలత చూసుకోవాలమ్మా. అసలు అంబాసిడర్ పొడవు దాదాపు 4.3 మీటర్లు. మీ బొమ్మ కారు 10 సెం.మీ. ఉంటే అన్నీ 43వ వంతే. ఆరడుగుల పంపు 4 సెం.మీ. పైన కొంచెం. పాత శుభలేఖల అట్ట చాలు, గొట్టానికి నల్ల ఊలు దారం. పక్కన తిప్పే పిడి తప్పనిసరి. పూర్వం చేత్తో తిప్పితేనే పెట్రోలు పైకొచ్చేదట, చిన్నప్పుడు లారీ క్లీనరుగా చేసిన మా మామగారి మాట. బోర్డు మీద బర్మా షెల్ అని రాయండి. 1976లో ప్రభుత్వం తీసుకున్నాక ఆ పేరు పోయింది, మన పిల్లలకేం తెలుసు!

ఫోటోకి పొద్దుటెండలో డాబా మీద పెట్టి, ఫోను బొమ్మ మనిషి కళ్ళ ఎత్తుకి దించి తియ్యాలి. ఫ్లాష్ వద్దు. వెనక నీళ్ళ ట్యాంకు కనబడితే గుట్టు రట్టే. మా ఫోటో ప్రింటు వేయించి ఇస్తే మామగారు దిండు కింద పెట్టుకున్నారు.