పిల్లి చనిపోతోందని పిల్లలకు చెప్పాలా?

పోయిన నెల పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మార్కుల మాటలు అయిపోయాక ఒక తల్లి గొంతు తగ్గించి అడిగారు. "మా పిల్లికి 15 ఏళ్లు మిస్. కిడ్నీలు పాడయ్యాయట, ఎక్కువ రోజులు ఉండదన్నారు డాక్టర్. పాపకి ఎఫ్‌ఏ పరీక్షలు అయ్యేదాకా చెప్పకుండా ఉంటే మంచిది కదా?" వెనక లైన్‌లో ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. చెప్పండి, పరీక్షలకి ముందే చెప్పండి అని మాత్రం అనగలిగాను. ఎందుకో వివరించే టైమ్ లేదు. ఆ వివరం కోసమే ఈ పేజీ. ఇంగ్లిష్ పేజీల్లో కాకుండా తెలుగులో రాయడానికీ కారణం ఉంది. ఇలాంటి విషయాల్లో మన ఇళ్లలో చివరి మాట తరచుగా అమ్మమ్మలది, నానమ్మలది. వాళ్లూ చదవాలని నా కోరిక.

"పిల్లే కదా, దీనికింత రాయాలా" అనుకునేవాళ్లు కొందరు ఉంటారు. పదేళ్ల పాప ఇంట్లో 15 ఏళ్ల పిల్లి ఉందంటే, పాప పుట్టకముందే అది ఆ ఇంట్లో ఉంది. పిల్లి లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆ పాపకు తెలియదు. పాకడం నేర్చుకున్నది దాని వెనకే. హోంవర్క్ పుస్తకం మీద వచ్చి కూర్చునేదీ అదే. తాతయ్యలు, అమ్మమ్మలు వేరే ఊళ్లో ఉండే ఇళ్లలో పిల్లలు దగ్గర నుంచి చూసే మొదటి ముసలితనం, మొదటి చావు చాలాసార్లు పెంపుడు జంతువుదే. అప్పుడు మనం వాళ్లకు నిజం చెప్పామా లేదా అన్నది వాళ్లకు చాలాకాలం గుర్తుంటుంది.

ఇలాంటప్పుడు మనం చెప్పే మాటలు నాలుగైదుకు మించవు. "ఊరికి పంపించాం." "ఎక్కడికో వెళ్లిపోయింది." "నిద్రపోతోంది." "దేవుడు తీసుకెళ్లాడు." రెండేళ్ల కిందట నా నాలుగో తరగతిలో ఒక అబ్బాయికి ఇంట్లో మొదటి మాట చెప్పారు, పిల్లిని అమ్మమ్మ వాళ్ల ఊరికి పంపించామని. వాడు ఇంట్లో ఏమీ అనలేదు. ఇంటర్వెల్‌లో నా దగ్గరికి వచ్చి, "ఊరికి పంపితే దాని గిన్నె ఎందుకు పంపలేదు మిస్?" అని అడిగాడు. సంక్రాంతి సెలవులకు ఆ ఊరు వెళ్లి వచ్చాక మళ్లీ పిల్లి మాట ఎత్తలేదు. వాడికి నిజం తెలిసిపోయింది. దాని గురించి అమ్మానాన్నలతో మాట్లాడకూడదని కూడా తెలిసిపోయింది. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ రెండోదే.

"వెళ్లిపోయింది" అన్న మాట ఇంకా కష్టం. నేనేం చేశానని వెళ్లిపోయింది? తోక లాగినందుకా? చిన్నపిల్లలు జరిగినదానికి తామే కారణమని తేలిగ్గా అనుకుంటారు. ఇక "నిద్రపుచ్చారు" అన్నది ఇంగ్లిష్‌లోనూ ఉన్న మాటే. మన పిల్లలు కార్టూన్లలో వింటారు. కొన్నాళ్లకు ఇంట్లో ఎవరికో ఆపరేషన్ అవుతుంది. డాక్టర్ వచ్చి "ఏం లేదమ్మా, మత్తిచ్చి నిద్రపుచ్చుతాం" అంటారు. ఆ పిల్లకు ఏం వినబడుతుందో ఆలోచించండి.

భాష చెప్పే టీచర్‌ని కాబట్టి ఇంకో మాట. మన "పోయింది" చూడండి. పెన్ను పోయింది, బస్సు పోయింది, కరెంటు పోయింది, పిల్లి పోయింది. కరెంటు పోతే తిరిగొస్తుంది కదా! అయిదేళ్ల పిల్లాడు గుమ్మంలో కూర్చుని పిల్లి కోసం ఎదురుచూస్తే తప్పు వాడిది కాదు. "చనిపోయింది" అనండి. "దాని శరీరం పనిచేయడం ఆగిపోయింది. ఇక ఊపిరి తీసుకోదు, తినదు, దానికి నొప్పి ఉండదు, తిరిగి రాదు" అనండి. దేవుడి మాట మీ ఇంటి నమ్మకాన్ని బట్టి ఆ తర్వాత చెప్పుకోవచ్చు, దానికి నా అభ్యంతరం ఏమీ లేదు. కానీ ముందు ఈ మాట చెప్పాలి.

ఏ వయసులో ఎంత అర్థమవుతుంది? మా బీఈడీ సిలబస్‌లో పియాజే ఉన్నాడు, చావు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నదే చెబుతున్నాను. 3 నుంచి 10 ఏళ్ల పిల్లలు చావు గురించి ఏమనుకుంటారో హంగేరీకి చెందిన మారియా నాగీ వాళ్ల మాటల్లో, బొమ్మల్లో సేకరించి 1948లో ప్రచురించారు. అయిదేళ్ల లోపు పిల్లలు దాన్ని ఒక ప్రయాణంలా, నిద్రలా భావిస్తారని, 9 ఏళ్లు దాటాక అది అందరికీ వచ్చేదని, వస్తే తిరుగులేదని గ్రహిస్తారని ఆమె రాశారు. ఆ తర్వాతి పరిశోధనల్లో చాలామంది పిల్లలు 7 ఏళ్ల ప్రాంతంలోనే ఈ సంగతి గ్రహిస్తున్నట్టు తేలింది. అంటే మన రెండో తరగతి పిల్లలు. యూకేజీ పాప మాత్రం "రేపు వస్తుందా?" అని అయిదోసారి కూడా అడుగుతుంది. అదే జవాబు అంతే నెమ్మదిగా అయిదోసారి కూడా చెప్పండి.

ఇక పిల్లి సంగతికి వస్తాను. ఇంట్లోనే పెరిగే పిల్లులు 12 నుంచి 18 ఏళ్ల దాకా బతకడం మామూలే. 15 ఏళ్ల పిల్లి మన లెక్కలో 75 ఏళ్ల మనిషి కింద జమ. ముసలి పిల్లులకు తరచుగా వచ్చేది కిడ్నీ జబ్బు. నీళ్లు మరీ ఎక్కువ తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, చిక్కిపోతుంది. ఇవి మన కంటపడేసరికే కిడ్నీలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. అయినా తిండి మార్చి, చర్మం కింద సెలైన్ ఎక్కించి, కొన్ని పిల్లులను నెలల తరబడి, కొన్నిటిని ఏళ్ల తరబడి హాయిగానే ఉంచగలుగుతున్నారు డాక్టర్లు. కాబట్టి జబ్బు పేరు వినగానే ఆశ వదులుకోనక్కర్లేదు. పెద్ద హాస్పిటల్ కావాలంటే రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో పశువైద్య కాలేజీలకు సొంత ఆస్పత్రులున్నాయి.

చిక్కేమిటంటే పిల్లి తన నొప్పి పైకి చూపించదు. కుక్కలా మూలగదు. మంచం కింద దూరి కూర్చుంటుంది. ఒళ్లు నాక్కోవడం మానేస్తుంది, బొచ్చు అట్టకడుతుంది. ఎప్పుడూ ఎక్కే కిటికీ గట్టు ఎక్కదు. గురగురలాడుతోంది కాబట్టి బాగానే ఉందనుకోకండి, నొప్పిలో ఉన్న పిల్లి కూడా గురగురలాడుతుంది. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, దయచేసి ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర విరిచి వేయకండి. మనకు జ్వరం తగ్గించే ఆ మందు పిల్లికి విషం. ఒక్క మాత్ర చాలు దాని ప్రాణం తీయడానికి.

ఆలిస్ విలలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు ఇలాంటి సమయంలో వాడుకోవడానికి ఒక పట్టిక తయారు చేశారు. నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువ ఉన్నాయా అన్నది, మొత్తం 7 అంశాలు. ఒక్కోదానికి 10 మార్కులు. 35 దాటితే ఆ ప్రాణి బతుకు ఫర్వాలేదని లెక్క. మార్కులు మనకు కొత్తా! మూడో తరగతి పైబడిన పిల్లలకు ఇందులో ఒక చిన్న పని ఇవ్వవచ్చు. క్యాలెండర్‌లో మంచి రోజుకు ఆకుపచ్చ చుక్క, చెడ్డ రోజుకు ఎర్ర చుక్క పెట్టమనండి. రెండు వారాలు పోయేసరికి ఆ క్యాలెండర్ ఏం చెబుతోందో పిల్లలకు మనం చెప్పనక్కర్లేదు.

ఎర్ర చుక్కలు ఎక్కువై, మందులతో నొప్పి తగ్గని స్థితి వస్తే డాక్టర్ ఇంజెక్షన్ మాట ఎత్తవచ్చు. ఇక్కడే ఇంట్లో పెద్దల మాట అడ్డొస్తుంది. "పిల్లిని చంపితే మహాపాపం" అన్నది మనందరం చిన్నప్పటి నుంచి విన్నదే. అమ్మమ్మలకు నా విన్నపం ఒకటే. ఆ మాట పుట్టింది పిల్లిని హింసించకూడదని. తిండి మానేసి, లేవలేక, రోజుల తరబడి నొప్పితో మూలన పడి ఉన్న పిల్లిని అలాగే ఉంచేయడం కూడా హింసేనని నా అభిప్రాయం. జంతువులపై క్రూరత్వాన్ని నివారించే 1960 నాటి మన చట్టంలో కూడా, బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితిలో ఉన్న జంతువుకు బాధ లేకుండా ప్రాణం తీసే ఏర్పాటు ఉంది. అయినా మీ మనసు ఒప్పుకోకపోతే ఇంజెక్షన్ వద్దు. డాక్టర్ ఇచ్చే నొప్పి మందుతో, మెత్తటి పక్క మీద, మీ మధ్యనే దాన్ని వెళ్లనివ్వండి. వైద్యమే లేకుండా వదిలేయడం మాత్రం వద్దు.

నిర్ణయం పెద్దలే తీసుకోవాలి. "నువ్వేమంటావు నాన్నా, ఇంజెక్షన్ చేయిద్దామా?" అని పిల్లలను అడగకండి. అడిగితే "నేను సరే అన్నందుకే చనిపోయింది" అన్న బరువు వాళ్ల మీద పడుతుంది. దగ్గర ఉంటారా ఉండరా, దానికి ఏం తినిపిస్తారు, ఏ దుప్పటి వేస్తారు, ఇవి అడగండి. ఇంజెక్షన్ సమయంలో మరీ చిన్నపిల్లలు ఉండకపోవడమే మంచిదనిపిస్తుంది నాకు. పెద్ద పిల్లలు ఉంటామంటే ఏం జరుగుతుందో ముందే చెప్పండి. మామూలుగా మొదట మత్తు ఇస్తారు. తర్వాత మత్తుమందే ఎక్కువ మోతాదులో నరానికి ఎక్కిస్తారు. కొన్ని క్షణాల్లో స్పృహ పోతుంది, కొద్ది నిమిషాల్లో గుండె ఆగుతుంది. కళ్లు మాత్రం మూసుకోవు. ఒళ్లు ఒకసారి అదరవచ్చు, మూత్రం పడవచ్చు. ముందే తెలియకపోతే "ఇంకా బతికే ఉంది, చూస్తోంది!" అని పిల్లలు బెదిరిపోతారు. తెలిస్తే మీ చెయ్యి పట్టుకుని నిలబడగలరు.

వీడ్కోలు సంగతి రాస్తుంటే ఒకటి తట్టింది. మనం ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "వెళ్తాను" అనం, "వెళ్లొస్తాను" అంటాం. "వెళ్తున్నా" అంటే పెద్దవాళ్లు కోప్పడతారు. తిరిగిరాని ప్రయాణానికి మన నోట్లో తేలిగ్గా ఆడే మాటే లేదు. "వీడ్కోలు" పుస్తకాల్లో ఉంటుంది, పిల్లల నోట్లో ఉండదు. అందుకని పిల్లలను వాళ్లకు తోచింది చెప్పనివ్వండి. "బై" అంటారో, "తోక లాగినందుకు సారీ" అంటారో, ఏమీ అనకుండా తల నిమురుతారో వాళ్లిష్టం. పక్కన నిలబడి "ఏడవకు" అనకండి, అంతే. మీకూ ఏడుపొస్తే ఏడవండి. నాన్న ఏడవడం చూసిన పిల్లలకు తమ ఏడుపు తప్పు కాదని తెలుస్తుంది.

పూడ్చే చోటు ముందే చూసుకోండి. అపార్ట్‌మెంట్లలో మట్టి దొరకడం కష్టం కాబట్టి మున్సిపాలిటీనో, మీ డాక్టర్‌నో అడిగి పెట్టుకోండి. సొంత పెరడు ఉంటే కనీసం మూడడుగుల లోతు తవ్వాలి, ఇంజెక్షన్ చేయించి ఉంటే మరీను. ఆ మందు శరీరంలో ఉండిపోతుంది, కుక్కలు తవ్వి తింటే వాటికీ ప్రమాదం. పిల్లలు పూలు వేస్తామంటే వేయనివ్వండి. పది నిమిషాల తర్వాత క్రికెట్ ఆడుకుంటుంటే ఆశ్చర్యపోకండి, ప్రేమ లేక కాదు. దుఃఖం వాళ్లకు విడతలు విడతలుగా వస్తుంది. మర్నాడే కొత్త పిల్లిపిల్లను మాత్రం తేకండి. పోయిన పెన్సిల్ బాక్స్‌కి కొత్తది కొన్నట్టు అవుతుంది.

పరీక్షల మాటకు వస్తే, ఒక ఎఫ్‌ఏలో నాలుగు మార్కులు తగ్గితే వచ్చేసారి తెచ్చుకోవచ్చు. పిల్లి మళ్లీసారి చనిపోదు. సెలవు ఇచ్చే అధికారం నాకు లేదు, నా క్లాసులో ఆ రోజు డిక్టేషన్ పెట్టకుండా ఉండగలను. అందుకు నాకు తెలియాలి. డైరీలో "జ్వరం" అని రాయకండి. "మా పిల్లి నిన్న చనిపోయింది, బాబు ఏడుస్తున్నాడు" అని రాయండి, చాలు. వచ్చే నెల మూడు, నాలుగు తరగతులకు ఇంగ్లిష్‌లో "మై పెట్" వ్యాసం ఉంది. ఎవరింట్లోనైనా ఇలాంటి పరిస్థితి ఉంటే ఆ పాఠం మొదలుపెట్టేలోపే నాకో కబురు పెట్టండి, ఆ పిల్లలకు వేరే టాపిక్ ఇస్తాను. రాస్తామంటే రాయనిస్తాను.